మూడు తుమ్ముల కారం

కారం ఫ్యాక్టరీలో మిరపకాయల తొడిమలు తీసే గది. అక్క, చెల్లెలు, మేనేజరు.

“రానంటే రాను బాబూ. ఆ కొత్త ఫ్యాక్టరీకి వేరే ముక్కు చూసుకోండి.”

“వేరే ముక్కా! ఒక్క మరతో మొదలైన కంపెనీ ఇవాళ తొమ్మిది మరలకొచ్చిందంటే ఎవరి చలవ పెద్దమ్మా? మీరు ఒకసారి తుమ్మితే పచ్చ ప్యాకెట్టు, రెండుసార్లయితే పసుపు, మూడుసార్లయితే ఎర్రది. ‘మూడు తుమ్ముల కారం’ అని పెట్టెల మీద అచ్చు కూడా వేయించాం!”

“ఘాటు చూసే మిషను కొన్నారటగా?”

“కొన్నాం. అంకెలు చెబుతుంది. తుమ్మదు.”

“నా తుమ్ములు రికార్డు చేసుకుపోండి.”

“చేశాం. ఏ కారం పెట్టినా మూడే తుమ్ముతోంది.”

“నాకు రైలు పడదు.”

“కారు పంపిస్తాం.”

“కారూ పడదు.”

“అసలు సంగతి చెప్పండి పెద్దమ్మా.”

“అసలు సంగతా... ఇదిగో, మా చెల్లెలు. అన్నదమ్ములు తలో దిక్కూ పోయారు. మిగిలింది ఇదొక్కతే. ఇదిక్కడ, నేనక్కడ ఉంటే నాకు ముద్ద దిగదు.”

“చిన్నమ్మనీ పంపుదును. కానీ అక్కడ తొడిమలు తీయడానికి మిషనుంది.”

“అక్కా, ఆయనతో...”

“నువ్వూరుకోవే, చెప్పేస్తాను. నాకు వాసన తెలీదు బాబూ.”

“జలుబా?”

“రెండేళ్ల జలుబు.”

“మరి ఆ తుమ్ములు?”

“అబద్ధం తుమ్ములు.”

“మొన్న పెద్ద బేరగాడి ముందు తుమ్మిన మూడూ?”

“మూడూ.”

“ఆయన చప్పట్లు కొట్టాడు!”

“మరి బాగా తుమ్మాను.”

“ఎన్ని తుమ్మాలో ఎలా తెలిసేది?”

“ఇది పక్కన కూర్చుని బల్ల కింద మోచేత్తో పొడిచేది. ఎన్ని పోట్లో అన్ని తుమ్ములు. ఘాటు పసిగట్టేది ఇదే.”

“ఒక్కసారీ తప్పలేదా?”

“ఛ! దీని ముక్కు తప్పడమా?”

“అక్కా, చాల్లే.”

“ఉండవే. ఇప్పుడు చెప్పండి బాబూ, ఈ మొద్దు ముక్కుని అంత దూరం తీసుకెళ్లి ఏం చేసుకుంటారు?”

“తీసుకెళ్లను పెద్దమ్మా. మీరు నిశ్చింతగా ఇక్కడే ఉండండి.”

“హమ్మయ్య! విన్నావటే?”

“చిన్నమ్మా, సోమవారం మీరు బయల్దేరండి.”

“ఇదా! నేను లేకుండా ఇది వీధి చివరిదాకా వెళ్లదు! నోరు విప్పవే. రానని చెప్పు. చెప్పవేం?”

“రైల్లో... కిటికీ పక్క సీటు దొరుకుతుందా బాబూ?”