దేవన్న కాక వేయించిన హాజరు

అన్నలారా, తమ్ముళ్లారా!

మనకు సెలవంటే ఈ శుక్రవారం ఒక్కటే. బట్టలు ఉతుక్కోవాలి, వండుకోవాలి, ఇంటికి మాట్లాడుకోవాలి. అవన్నీ వదిలి ఈ దమ్మామ్ క్యాంపు మెస్‌లో ఇంతమంది కూర్చున్నారంటే, పోయినవాడు ఎలాంటివాడో నేను చెప్పాలా? మన తంగెళ్లకుంట పెద్దమనిషి దేవన్న కాక మొన్న మంగళవారం ఊళ్లో కన్నుమూశాడు. కడచూపుకు మనలో ఒక్కడు కూడా పోలేకపోయాడు. మనల్ని పనిలో పెట్టుకున్న కఫీల్‌ను అడిగి, దేశం దాటే ఎగ్జిట్ కాగితం తెచ్చుకునేలోపే అక్కడ దహనం అయిపోయింది.

రిజర్వాయర్ కింద మన ఊరు మునుగుతుందని తేలినప్పుడు, అధికారులు కాగితాలు ముందు పెట్టారు. కాక సంతకం చేశాడా? చేయలేదు. వాళ్లు చూపించిన కొత్త జాగాకు చాప, చెంబు పట్టుకుని ఒక్కడే పోయాడు. వారం రోజులు అక్కడే ఉన్నాడు. అక్కడి బోరు నీళ్లే తాగాడు. కడుపు చెడి, ఆటోలో పడుకుని తిరిగొచ్చాడు. "సారూ, నాకే పడలే. మా పోరగాండ్లకు పడుతయా? ఇంకో జాగ సూపియ్యిండ్రి" అన్నాడు. చూపించారు! మన పిల్లలు ఇవాళ మంచి నీళ్లు తాగుతున్నారంటే ఆ మొండితనం పుణ్యమే.

మొండివాడే. కోపం వస్తే ఎవరనీ చూసేవాడు కాదు. మనలో ఆయన తిట్లు తినని వాళ్లెవరు?

తర్వాత సర్వే వచ్చింది. సౌదీలో ఉన్నవాళ్లు ఊళ్లో లేనట్టే లెక్క, వాళ్లకు కొత్త జాగాలో ఇళ్ల ప్లాట్లు రావన్నారు. "పనికి పోయినోడు ఊరిడిసినోడు అయితడా?" అని కాక లేచాడు. సర్వే చేసే సారును ఇంటింటికీ తిప్పి, ఇక్కడున్న మనందరికీ వీడియో కాల్ చేయించాడు. ఎల్లన్న మొహం మీది సబ్బు నురగతోనే పలికాడు. ఇరవై రెండు మందికి ఇరవై ఒక్కరు హాజరు చెప్పారు.

పలకనివాణ్ని నేను. ఈ జనార్దన్. సైటు లోపలికి ఫోన్ తేనివ్వరు కదా, నాది గేటు దగ్గర పెట్టెలో ఉంది. మూడుసార్లు చేయించాడట. నా పేరు కొట్టేశారు.

అప్పుడు కాక ఏం చేశాడు? తన ప్లాటు మధ్యలో సున్నంతో గీత గీసి, సగం నా భార్య సునీత పేరున రాసిచ్చాడు. ఆమె ఏడిస్తే, "నీ మొగడు పలకలే, గంతే. ఊరిడిసి పోలే కద బిడ్డా" అన్నాడట. ఆయనా, ఆయన ఇంటామె అంజవ్వా మిగిలిన సగంలో రెండు గదులతో సరిపెట్టుకున్నారు.

సెలవుకు పోయిన ప్రతిసారీ ఆయన ముందు కూర్చుని వానల గురించి మాట్లాడి వచ్చాను. అసలు మాటకు నోరు రాలేదు. ఇప్పుడు మీ అందరి ముందూ చెబుతున్నాను. కాకా, నా పిల్లలు నీ జాగాలో పెరుగుతున్నారు.

తనను చూసి ఎవరు లేచినా కాక ఊరుకునేవాడు కాదు. భుజం పట్టి, "కూసో బిడ్డా" అని కూర్చోబెట్టేవాడు. ఇవాళ ఆ మాట అనడానికి ఆయన లేడు.

లేవండి. రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం.