రికార్డు వయసు

బొగ్గుతో కరెంటు తీసే ప్లాంటు ఈ నెలాఖరుతో మూత. దాని క్యాంటీన్‌లోనే బల్ల వేసుకుని, సోలార్ శిక్షణకి పేర్లు రాసుకుంటున్నాడు గుమాస్తా. ఎదురుగా బాయిలర్ మనిషి. కుర్చీ ఖాళీగానే ఉంది, అతనికే కూర్చోవాలని తట్టలేదు.

“నలభై నాలుగే సార్.”

“ఇక్కడ నలభై ఏడని ఉందన్నా.”

“ఉంటుంది సార్. అది రికార్డు వయసు.”

“మరి మీ వయసు?”

“నాది నలభై నాలుగు.”

“మనిషికి రెండు వయసులుంటాయా అన్నా?”

“నాకున్నాయి. చేరినప్పుడు నాకు పదిహేను. పద్దెనిమిది నిండితేగానీ గేటు లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. అప్పటికి మీసం కూడా రాలేదు. మా నాన్న బొగ్గు ముక్కతో గీసి తీసుకొచ్చాడు.”

“బొగ్గుతోనా!”

“ఇక్కడ దానికేం కరువు సార్? గేటు దగ్గరాయన నవ్వి, పద్దెనిమిదని రాసేసుకున్నాడు.”

“బాగానే ఉంది. ఇప్పుడు నన్నేం చేయమంటారు?”

“మూడేళ్లు తగ్గించండి, అంతే. నలభై ఐదు లోపువాళ్లకే కదా సీటు?”

“ఆ షరతు నేను పెట్టింది కాదన్నా. ఈ శిక్షణకి డబ్బిచ్చే బయటి దేశాలవాళ్లు పెట్టారు.”

“మా ఇంజనీర్ గారికి యాభై రెండు. ఆయన సోలార్ ఆఫీసుకి వెళ్తున్నారటగా?”

“అది బదిలీ. శిక్షణ కాదు.”

“అయితే నన్నూ బదిలీ చేయండి.”

“బదిలీ ఆఫీసర్లకే అన్నా.”

“అవునవును. పొగ మాత్రం అందరికీ.”

“అలా అంటే ఎలా? ఎండలు ఎలా మండిపోతున్నాయో చూస్తున్నారుగా. బొగ్గు ఆపకపోతే రేపు అందరం—”

“ఆపండి సార్, వద్దన్నానా? మొన్నటి ఎండకి మా పక్కింటాయన పనిలోనే పడిపోయాడు, మళ్లీ లేవలేదు. మా ఇంట్లో ఒక ఫ్యాను, రెండు బల్బులు. ఇన్నేళ్లు నేను కాల్చిన బొగ్గు ఎవరి గదులు చల్లబరిచిందో గానీ… పోనీండి. మూడేళ్లు.”

“మారిస్తే ఏమవుతుందో తెలుసా?”

“సీటొస్తుంది.”

“పదిహేనేళ్లకే చేరారని తేలుతుంది. ఆ ఉద్యోగమే చెల్లదంటారు. పెన్షన్ ఆపేస్తారు.”

“ఊఁ.”

“విన్నారా?”

“విన్నాను.”

“నలభై ఏడని ఉంచితే పెన్షన్ ఉంటుంది, పని ఉండదు. నలభై నాలుగని రాస్తే పని దొరుకుతుంది, పెన్షన్ పోతుంది. ఏది రాయమంటారు?”

“ఆ పెన్షన్ మా అమ్మ మందులకే సరి. ఇల్లు గడవదు సార్.”

“తెలుసు.”

“పోనీ, శిక్షణ అయ్యాక పని ఖాయమేనా?”

“ఖాయమనే అంటున్నారు.”

“అంటున్నారు.”

“కోపం వచ్చిందా అన్నా?”

“లేదు సార్. ఏమీ రావట్లేదు.”

“ముందు కూర్చోండి. మంచినీళ్లు తాగండి… ఇదిగో, ఒక దారుంది. వయసు దాటినవాళ్ల బదులు వాళ్ల ఇంట్లోవాళ్లు ఎవరైనా సీటు తీసుకోవచ్చు. మీ రికార్డు జోలికి పోనక్కర్లేదు, పెన్షన్ మీకే ఉంటుంది. పద్దెనిమిది నిండినవాళ్లు ఎవరైనా ఉన్నారా?”

“పద్దెనిమిదా?”

“పద్దెనిమిదే.”

“మా అమ్మాయి ఉంది.”

“హమ్మయ్య! ముందే చెప్పొద్దూ? ఇంతసేపూ నా బుర్ర తిన్నారు. అమ్మాయిలకైతే ముందు వరస కూడానూ. కాకపోతే పనంతా డాబాల మీద. ఎండలో నిలబడగలదా?”

“నిలబడుతుంది.”

“తనకి ఇష్టమేనా?”

“ఇంకా అడగలేదు.”

“సరే, రాసేస్తున్నా. వయసు?”

“పద్దెనిమిది.”

“నిండాయా?”

“నిండినట్టే రాయండి.”

“వయసు సర్టిఫికెట్ శిక్షణలో చేరే రోజు తెస్తే చాలు. చదువు?”

“తొమ్మిదో క్లాసు సార్. ఇవాళ లెక్కల పరీక్ష రాస్తోంది.”