ఎనిమిది గంటలు వణకని గీత

"పెద్దవాడు మాట్లాడుతుంటే గ్లాసులోకి చూస్తావేంటయ్యా? వినే మర్యాదే లేదు, ఇక పనేం వస్తుంది నీకు?" అని ఫిట్టరును కసిరి, ఆవిరి బాబాయి టీకొట్టు బెంచీ మీద సర్దుకుని కూర్చున్నాడు. ఫ్యాక్టరీ మురికినీళ్లలో సున్నం కలిపి, ఆవిరి పెట్టి అమోనియాను తరిమేసే టవరు నడిపేది ఆయనే. కంట్రోల్ రూంలో పెద్ద కుర్చీ ఎవరికో రేపు తేలుతుంది. నిన్నటి ఘనత ఈలోగా మేనేజరు చెవిన పడాలని ఆయన ఆరాటం.

"నిన్న పొద్దున సున్నం కొలిచే కడ్డీ కడిగాను. చిన్న పనే. ఇంజనీరు కంప్యూటర్లో మన టవరుకి నకలు కట్టాడుగా, అది 'సున్నం తగ్గుతోంది, పెంచు పెంచు' అని ఒకటే గోల. అసలువాణ్ని నేనుండగా నకలు పెత్తనమేంటని, దాన్ని పక్కనపెట్టి చేత్తో నడిపాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తెరమీద ఆ కడ్డీ చూపే గీత వెంట్రుకవాసి కదిలితే ఒట్టు! ఎనిమిది గంటలు!"

"ఎనిమిదే?" అన్నాడు ఫిట్టరు.

"వాల్వు మీద చెయ్యేసి తుమ్మాను, గీత వణకలేదు. గాలివానకి టవరు ఊగింది, గీత ఊగలేదు. చివరికి కళ్లు మూసుకుని 'ఆవిరీ, తగ్గమ్మా' అనుకున్నానంతే, తగ్గింది! అమోనియా వరసలో నిలబడి 'వెళ్లొస్తాం బాబాయ్' అని చెప్పి మరీ పోయింది. సిగ్గుతో కంప్యూటరు దానంతటదే ఆగిపోయింది!"

"కరెంటు పోయుంటుంది," అన్నాడు టీకొట్టతను.

"నీకు కుళ్లు!"

ల్యాబులో పనిచేసే వదిన అప్పుడే వచ్చి నిలబడింది. "మరిదీ, కడ్డీ కడిగి ఎక్కడ పెట్టావు?"

"కడ్డీ సరిగ్గా చూపుతుందో లేదో సరిచూసుకునే మందు సీసాలో. అంతేగా పద్ధతి?"

"తీసి మళ్లీ టవరు నీళ్లలో పెట్టావా?"

బాబాయి తల గోక్కున్నాడు. గొప్పలు చెప్పుకునే నోటికి కళ్లుండవు.

"ఇంకా సీసాలోనే ఉంది. ఎనిమిది గంటలూ నువ్వు నడిపింది ఆ సీసానే. నకలు చెప్పిందే నిజం. నీళ్లలో సున్నం అయిపోయింది, ఎగిరిపోని అమోనియా అంతా నిల్వ చెరువులో కూర్చుంది."

బెంచీ బెంచంతా ఘొల్లుమంది. అందరికంటే ఆలస్యంగా బాబాయి కూడా నవ్వాడు. "పోనీ, సీసానైనా ఎంత నిలకడగా నడిపానో చూశారా!"

పెద్ద కుర్చీ వేరేవాళ్లకి పోయింది. చెరువు నీళ్లన్నీ మళ్లీ టవరెక్కాలి. పదకొండు రోజులు సున్నం బస్తాలు బాబాయే మోశాడు. గంటగంటకూ నీళ్ల నమూనా పట్టుకుని దిగి, వదిన ముందు చేతులు కట్టుకుని నిలబడి, అంకె రాయించుకుని మళ్లీ ఎక్కాడు. ఆ టవరుకి మెట్లు తొంభై ఆరు.