ఉపవాసానికి నాలుగు కూరలు

సాయంత్రం ప్రార్థన ముగించుకుని, పొద్దుటి నుంచి ఏమీ తినని భర్త వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. పొయ్యి దగ్గర భార్య నాలుగో కూర కలుపుతోంది.

“ఇంకా ఎంతసేపు?”

“అయిపోవచ్చింది. క్రిస్మస్‌కి మూడు కూరలు, మీ ఉపవాసానికి నాలుగు.”

“దెప్పకు. అప్పుడు తెగ తిన్నామనేగా, ఈస్టర్ ముందు ఈ నలభై రోజులూ కడుపు మాడ్చుకుంటున్నాను.”

“మాడేది మీ కడుపు, విరిగేది నా నడుమండీ. దేవుడు నాలుగడిగాడా?”

అతను లోపలికి వచ్చాడు. ఆమె గోడకు ఆనుకుని నిలబడటం అప్పుడే గమనించాడు.

“మధ్యాహ్నం ఏం తిన్నావు?”

“మీరు పస్తుంటే నాకెలా దిగుతుంది?”

“రోజూ ఇంతేనా?”

“మొదటి రోజు నుంచీ.”

అతను పొయ్యి ఆపేశాడు.

“కూర్చో. రేపట్నుంచి సాయంత్రం గంజి చాలు. నేనే కాస్తాను.”

“మీకొచ్చా?”

“రాదు. ఎలా ఉన్నా తాగుదాం, ఉపవాసమేగా.”