తొమ్మిది కుండీలు, ఒక బిస్కెట్ డబ్బా

గురునాథరావు నోరు తెరిస్తే ఆ రోజు టీ చల్లారిపోవాల్సిందే. ఆ సంగతి ఉక్కునగరంలో ఆ వీధి వీధంతటికీ తెలుసు. పక్క క్వార్టరు సన్యాసమ్మకి మరీ బాగా తెలుసు, ఎందుకంటే ఆ చల్లారే టీ ఆవిడ పెట్టిందే.

ఆ సాయంత్రం ఆవిడ వరండాలో తొమ్మిది కుండీలు వరసగా ఉన్నాయి. అన్నీ మరుగుజ్జు రకాలే. తూజాలు, జునిపర్లు. పదేళ్లు పెంచినా మోకాలు దాటని మొక్కలు. కుండీలకి కొత్తగా ఎర్ర రంగు వేసి ఉంది. పేరు పలక మాత్రం ఒక్కదానికీ లేదు. తొమ్మిది పలకలూ కలగాపులగంగా ఒక బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి.

రంగు వేసిపెట్టింది, స్టీల్ ప్లాంటులో క్రేను నడిపి రిటైరైన గురునాథరావే. పలకలు తీసింది మాత్రం తను కాదట.

"నువ్వే కడుగుదావని తీసుంటావు వొదినా. తీసి మర్సిపోనావు," అన్నాడు పొద్దున్నే.

సన్యాసమ్మ గట్టిగా కాదనలేకపోయింది. పోయిన నెల పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోతే గిన్నె మాడి ఇల్లంతా పొగ కమ్మింది. ఆ రోజు నుంచి కూతురు అనూరాధది ఒకటే పాట. "అమ్మా, రేపు మొక్కల ప్రదర్శనలో పేర్లు తప్పాయంటే కుండీలన్నీ పార్కుకి ఇచ్చేద్దాం. పేర్లే గుర్తులేనిదానివి, నీళ్లు పొయ్యడం ఏం గుర్తుపెట్టుకుంటావు?"

ఆకు చూస్తే మొక్క ఇంటిపేరు ఆవిడ ఇప్పటికీ చెప్పగలదు. ఇది తూజా, అది జునిపరు. సొంత పేరు దగ్గరే వస్తుంది చిక్కంతా. తూజాల్లోనే ఆరియా నానా రకాన్ని సీబోల్డి రకం పక్కన పెడితే కన్నతల్లి కూడా తడబడుతుంది. పైగా నర్సరీకో పేరు. ఒకచోట బంగారు తూజా, ఇంకోచోట మోర్‌పంఖి. నానా అంటే పొట్టిది అని మాత్రమే అర్థం, దాన్ని దొరికిన ప్రతి మొక్కకీ తగిలించేస్తారు.

వన్ టౌన్‌లో స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టే గులాం మొహమ్మద్‌ని కొత్త పలకల కోసం ఆవిడే పిలిపించింది. ఆయన ఇత్తడి రేకులు ముందు పరుచుకుని, ఉలీ సుత్తీ పట్టుకుని కూర్చున్నాడు.

"పేరు చెప్పండమ్మా, కొట్టేస్తాను. ఒకసారి కొట్టానంటే మాత్రం చెరగదు."

"నానుండగా వొదిన్నెందుకు అడుగుతావు గులాం భాయ్? మొదటి కుండీ సీబోల్డి. కొట్టు!" అన్నాడు గురునాథరావు.

"ఆగండి, నన్ను ఆలోచించుకోనివ్వండి," అంది సన్యాసమ్మ. ఆ మాట ఎవరికీ వినపడలేదు. ఠంగుఠంగుమని సుత్తి మొదలైంది.

"నీకెలా తెలుసు బావా?" అన్నాడు ఎల్లారావు. గురునాథరావు పాత సెక్షనువాడు, ప్లాంటులో షిఫ్టు దిగి యూనిఫాంతోనే వచ్చి మెట్టు మీద కూలబడ్డాడు.

అడక్కుండా ఉండాల్సింది.

"ఎలాగంటావేటి? మొన్నటేడు దువ్వాడలో నర్సరీకి ఎల్లినాం, నానూ వొదినా. అక్కడొకాయన ఒకే మొక్కని రెండు వరసల్లో ఎట్టి, ఒక వరసకి బంగారు తూజా అనీ, రెండో వరసకి ఆరియా నానా అనీ పేరెట్టి అమ్మేస్తన్నాడు. నాను ఆకు తిప్పి సూసినాను. ఇవి రెండూ ఒకటే కదయ్యా అన్నాను. అంతే. ఇంకేటీ అన్లేదు."

సన్యాసమ్మ టీ గ్లాసు ఠక్కున కింద పెట్టింది. ఆ మాట అన్నది తను. ఈయన ఆ వేళ ఆటోలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. లేక ఆటోలో కూర్చున్నది తనేనా? ఛ! అబద్ధమాడేవాడి మీద రావాల్సిన అనుమానం తన బుర్ర మీదకి వచ్చేసరికి ఆవిడకి ఒళ్లు మండిపోయింది.

"ఆ తర్వాత ఏటయిందో తెలుసా? ఆయన నా కాళ్ల మీద పడిపోనాడు. మర్నాటికి నా ఫొటో కట్టించి నర్సరీ గుమ్మానికి ఎట్టీసినాడు. ఇంక సూస్కో, రాజమండ్రి నుంచి ఫోన్లు, బరంపురం నుంచి ఫోన్లు. ఆళ్లు అట్నుంచి ఆకు నలిపితే నాను ఇట్నుంచి వాసన పట్టి పేరు సెప్పీసీవోణ్ణి."

"ఫోన్లో వాసన వస్తాదేటి బావా?"

"నీ ఫోన్లో రాదురా. సిగ్నలుండాల."

గులాం మొహమ్మద్ నవ్వు ఆపుకోవడానికి రేకు మీదకి వంగాడు. అందరికీ కాలక్షేపంగానే ఉంది. రేపు కుండీలు పోయేది ఒక్క సన్యాసమ్మకే.

"ఇంతలో పోర్టు నుంచి నాకోసం కారొచ్చింది. జపాన్ ఓడ! దాన్నిండా పదివేల మరుగుజ్జు మొక్కలు. తుపానుకి పేర్ల చీటీలన్నీ సముద్రంలో కొట్టుకుపోనాయి. కెప్టెను డెక్కు మీద కూకుని ఎక్కెక్కి ఏడుస్తన్నాడు. ఏడవకు నాయినా, నా కళ్లకి గంతలు కట్టు అన్నాను. ఎందుకంటావేమో, కళ్లుంటే మోసపోతాం ఎల్లారావా. ఆ కెప్టెను టై తోటే కట్టించుకుని, ముట్టుకుంటా ఎలిపోనాను. నాను పేరు సెప్పడం, మొక్క తలొంచి ఔననడమే. రెండు గంటల్లో పదివేలు!"

"మధ్యలో టీ అయినా తాగలేదా సాబ్?" అన్నాడు గులాం మొహమ్మద్.

"తాగినాను. అది కలుపుకునే రెండు గంటలు."

"మరిదీ, ఇక చాలించు," అంది సన్యాసమ్మ. "పేర్లు..."

"అక్కడికే వస్తన్నాను వొదినా! ఒకే ఒక మొక్క మొండికేసింది. ముట్టుకుంటే పలకదు, వాసన సూత్తే పలకదు. అప్పుడు నాను కుండీకి సెవి ఆనించినాను. లోపల్నుంచి సన్నంగా మాటొచ్చింది. నా పేరు పైన ఎతుకుతావేటి, మట్టిలో ఉంది అని!"

సన్యాసమ్మ కుండీల్లోని మట్టికేసి తిరిగింది.

మట్టిలో.

కూల్‌డ్రింకు డబ్బా. కత్తెర. ఇంకు అయిపోయిన పెన్ను. రేకు మీద అదిమి అదిమి రాసిన అక్షరాలు. పైనున్న పలకని కాకి ఎత్తుకుపోవచ్చు, రాసింది ఎండకి చెరిగిపోవచ్చు, నా బుర్రలోంచీ పోవచ్చు అనుకుంటూ, మొక్క పెట్టిన ప్రతిసారీ ఒక రేకు ముక్క కుండీ గోడ వెంబడి లోపలికి దూర్చింది. మరిచిపోతానన్న భయంతో చేసిన పనిని కూడా మరిచిపోయింది.

లేచి వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి కట్టేసి ఉందో లేదో ఒకసారి చూసుకుంది. కట్టేసే ఉంది. చెంచా తీసుకుని వచ్చి మొదటి కుండీ ముందు చతికిలబడింది.

గురునాథరావు కథ అప్పటికి సముద్రం దాటి కొండెక్కింది. "...ఆ మొండి మొక్కని కెప్టెను నాకే ఇచ్చీసినాడు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద నాటినాను. ఎవడో ఎల్తూ ఎల్తూ తప్పు పేరుతో పిల్సినాడు. దానికి కోపం వచ్చీసి, ఒక్క ఊపున పెరిగిపోయి లైట్‌హౌస్ దాటిపోనాది! నా క్రేనేసుకుని ఎల్లి, కొమ్మ మీద కొక్కెం ఏసి, నానా అని ఒక్క కేకేసినాను. పొట్టిదైపోయిందిరా! టీ గ్లాసంత! దాంతోపాటు కొక్కేనికి తగులుకున్న క్రేను కూడా..."

"క్రేను కూడా?"

"జానెడు. మా ఇంట్లో అద్దాల బీరువాలో ఉంది, ఎల్లి సూస్కో."

"అది నీ రిటైర్‌మెంటుకి మా సెక్షనోళ్లం కొనిచ్చిన బొమ్మ బావా. సందా నానూ ఏసినాను."

"అదే మరి! మీకెక్కడ దొరికిందనుకున్నావు?"

కుండీలో చెంచాకి ఏదో తగిలి కిర్రుమంది. సన్యాసమ్మ రెండు వేళ్లతో దాన్ని పైకి లాగి, పైటచెంగుతో తుడిచి, గులాం మొహమ్మద్ చేతిలో పెట్టింది. రేకు వంకరపోయింది కాని అక్షరాలు నిలబడే ఉన్నాయి.

ఆయన పైకి చదివాడు. "ఆరియా నానా. దువ్వాడ. రెండూ ఒకటే అని చెప్పి ఒకటి కొన్నాను. మరిది ఆటో దిగలేదు."

ఎల్లారావు మెట్టు మీద నుంచి ఒరిగిపోయి నవ్వాడు. సన్యాసమ్మ నవ్వలేదు. ఆ రేకుని మళ్లీ తన చేతుల్లోకి తీసుకుని, ప్రతి అక్షరం మీదా వేలు పెట్టి చదువుకుంది.

"అదే నాను సెప్పేది," గురునాథరావు అందుకున్నాడు. "జపానోళ్లు దాన్నే సీబోల్డి అంటారు. ఏదేమైనా పలకలు తియ్యకుండా ఉండాల్సింది వొదినా నువ్వు. వయసైపోతే ఇలగే..."

గులాం మొహమ్మద్ తను కొట్టిన ఇత్తడి రేకుని నిట్టూర్చి వెనక్కి తిప్పాడు. కొలత కోసం బిస్కెట్ డబ్బా తెరిచి ఒక పాత పలక తీశాడు. ఇంకోటి తీశాడు. తొమ్మిదీ తీసి మెట్టు మీద వరసగా పేర్చాడు. ప్రతి పలక అంచునా ఆరిపోయిన ఎర్ర రంగు, దాంట్లో ఒక లావాటి బొటనవేలి ముద్ర.

"రావుగారూ," అన్నాడు మర్యాదగా, "ఈ వేలు జపాన్ కెప్టెన్‌దా?"

గురునాథరావు బొటనవేలు పిడికిట్లోకి మడిచేశాడు. గోరు చుట్టూ ఎరుపు ఇంకా వదల్లేదు. రెండో చేత్తో చల్లారిన టీ అందుకుని నోటికి ఎత్తుకున్నాడు.

సన్యాసమ్మ చెంచా ఆయన ఒళ్లో పెట్టింది.

"ఇంకా ఎనిమిదున్నాయి మరిదీ. చెవి ఆనించక్కర్లేదు, తవ్వు."