సుంకప్ప మీసం

ఏమబ్బా, మీసం తీసేయమంటాండావా? మీ నాయన ఉండాడు గదా, మొన్న సంతలో కనపడె. అడిగినావా ఆయప్పను? నవ్వుతాండావు. నవ్వు, నవ్వు. ఈ వయసులోనూ నా చేయి వణకదు గానీ, కత్తి పెట్టినాక నువ్వు నవ్వితే నా తప్పు గాదు. ఈ పెనుకొండలో నాయన బతికుండంగా మీసం తీసిన మొదటోడు సుంకప్ప. తీసినోన్ని నేను. పందొమ్మిదొందల యాభై ఆరో, యాభై ఏడో. యాలంటే, నాటకం. అప్పుడు మా ఊళ్ళో ఆడోళ్ళు స్టేజీ ఎక్కుతారా? రాణి వేషమైనా మొగోడే కట్టల్ల. మేకప్పు నాది. పాత రాణి ఈశ్వరప్పకు నాయన లేడు, మీసం అడ్డం గాలే, గానీ బొజ్జ వచ్చె, ఏ చీరా చాలదు. సుంకప్ప గొంతా, అబ్బా, వాడు చేన్లో పాడితే పక్క చేన్లో కూలోళ్ళు పని నిలిపేవాళ్ళు. హార్మోనియం మాస్టరు "వీడే మన రాణి" అనేసె. మీసమొకటే అడ్డం. మైనం పూసి పౌడరు కొట్టి చూసినా. రాణి మూతి మీద గొంగళిపురుగు పండుకున్నట్ల ఉండె.

వాళ్ళ నాయన పోతులయ్య కట్టె పట్టుకొని నా అంగడికే వచ్చె. "మీసం తీసేది నాయన సచ్చిన పొద్దు గదరా! నేనింగా ఉండానే! వాని మూతి మీద కత్తి పెట్టినావంటే నీ చేయి ఇరగ్గొడతా!" నాకేం భయం? నాలుగు దినాలకు సుంకప్ప వచ్చి కూర్చొని "తీ అన్నా" అన్యాడు. తీసినా. హిందూపురంలో ఆట. రాణి అడవిలో ఏడ్చే పద్యం ఎత్తుకున్యాడు చూడు, ముందు వరస ఆడోళ్ళంతా కొంగులు తడుపుకున్యారు. ఇంటికొస్తే పోతులయ్య మాట మానేసినాడు. ఒక దినమా, రెండు దినాలా? తొమ్మిదేండ్లు! కొడుకును చూపిచ్చి కోడలు హనుమక్కతో అనేవాడంట, "ఆ యమ్మకు సంగటి పెట్టు."

ఆ తొమ్మిదో ఏడు ముసలాయప్ప మంచం పట్టె. సుంకప్ప నాటకం వదిలేసి మీసం పెంచినాడు. ధర్మవరంలో ఆట ఒప్పుకొని ఉంటిమి, రానంటే రానన్యాడు. నేను ముసలాయప్పకు గడ్డం గీయను పోయినా. ఆయప్ప కొడుకును పిలిచినాడు. "యాల పెంచినావురా? నేను పోతే తీయడానికి ఏమన్నా ఉండల్లనా?" సుంకప్ప తల దించుకున్యాడు. దానికే పెంచినాడు మరి. ముసలాయప్పే మళ్ళా అన్యాడు, "ఆ పొద్దు హిందూపురానికి కట్టె తీసుకొనే వచ్చినా, నిన్ను స్టేజీ మీదనే కొడదామని. ఆ పద్యం విన్యా. కొట్టలేకపోయినా. ఏమప్పా, నా ముందరే తీ వానికి. ధర్మవరం పోయి ఆడి రానీ." తీసినా. నురగ కంటే వాని కన్నీళ్ళే ఎక్కువ.

ధర్మవరం నుంచి తెల్లారి బస్సుకు వస్తే ఆయప్ప అడిగినాడు, "వన్స్ మోర్ అన్యారా?" "మూడుసార్లు నాయనా." అంతే. పొద్దు గుంకేలోపల పోయినాడు. మట్టి చేసేముందు సుంకప్పకు గుండు గీసినా. కంటి కాటుక ఇంగా సరిగ్గా పోలే. పైపెదవి కాడికొచ్చి నా చేయి నిలిచిపాయ. ఆడేముండాది తీయను? "ఆడేం లేదులే అన్నా," అన్యాడు, "మా నాయన బతికుండంగానే తీసుకున్యాడు."

...

ఏమబ్బా, యాడికి లేస్తాండావు? మొగమంతా నురగ! ఫోనా? సరే, మాట్లాడి రా పో. మీ నాయనకు గట్టిగా చెప్పు, చెవుడు.