కాళ్ళు అంటుకుపోయాయన్నాడు

తలుపు వేసెయ్యకమ్మా. మూడంతస్తులు ఎక్కొచ్చాను. ఒకసారి దిగానంటే మళ్ళీ ఎక్కే ఓపిక లేదు, ధైర్యం అసలే లేదు.

లోపలికి రాను, ఈ గుమ్మంలోనే చెప్పేస్తాను. గుర్తుపట్టావు కదూ? కోర్టులో నీ సాక్ష్యం, మీ ఆయన సాక్ష్యం ఇంగ్లీషులో జడ్జిగారికి చెప్పిన దుబాసీని.

 

జైలుకెళ్ళి అతన్ని చూడడం మానేశావట, మీ ఆయన వకీలు చెప్పాడు. తప్పని అనను. పోయినవాడు నీ తోడబుట్టినవాడు. బావా బావమరిదీ ఇద్దరూ లిఫ్టు మెకానిక్కులే. నీ తమ్ముడు కింద గుంతలో గ్రీజు పూస్తున్నాడు, పైనుంచి లిఫ్టు దిగొస్తోంది, ఆపే మీట మీ ఆయనకి నాలుగడుగుల్లో ఉంది. నొక్కలేదు. ముందురోజే ఇద్దరూ మాటామాటా అనుకున్నారాయె. ఎవరికైనా ఏమనిపిస్తుంది?

కానీ అతను ఏమన్నాడో నువ్వు వినలేదు. ఆ పూట నిన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టారు.

"మీట కనబడుతూనే ఉందండీ. కాళ్ళు నేలకి అంటుకుపోయాయి. ఎంత లాగినా రాలేదు." అదీ అతనన్న మాట.

నేనేం చేశాను? భోజనాల వేళ. జడ్జిగారు కలానికి మూత పెడుతున్నారు. సరైన మాట నోటికి రాలేదు. 'హెజిటేట్' అయ్యానంటున్నాడని ఒక్క ముక్కలో తేల్చేశాను. అదే రికార్డులోకి ఎక్కింది.

ఆ మాటకి అర్థం ఏమిటనుకున్నావు? తటపటాయించడం. చేద్దామా, మానేద్దామా అని మనసులో తూకం వేసుకోవడం. అవతలి వకీలు దాన్నే పట్టుకున్నాడు. తటపటాయించాడంటే ఆలోచించాడు, ఆలోచించి కూడా నొక్కలేదంటే చావనీ అనుకున్నాడు, అని మూడు రోజులు దంచాడు. అదంతా నేనే పక్కన నిలబడి మీ ఆయనకి తెలుగులో చెప్పాను. అతను బిత్తరపోయి నా మొహమే చూశాడు.

వారం రోజులు కంటిమీద కునుకు లేదు. పెద్ద నిఘంటువు తీశాను. నా తప్పుకి ఏదైనా ఆసరా దొరుకుతుందేమోనని, అంతే. ఏం చెప్పను, దొరికింది. ఆ మాట పుట్టింది లాటిన్‌లోనట. అక్కడ దాని మూలానికి అర్థం అతుక్కుపోవడం, కదలలేకపోవడం. బురదలో బండిచక్రం దిగబడిపోతుంది చూడు, అలాగ. తటపటాయింపు అందులోంచే వచ్చిందట. అంటే మీ ఆయన అన్నదే కదా? నేను తప్పు చెప్పలేదు కదా? గుండెల మీంచి బరువు దిగిందనుకున్నాను.

కాసేపే. ఎప్పటి అర్థం, ఎక్కడి కోర్టు? జడ్జిగారు విన్నది ఇవాళ్టి అర్థమేగా.

అందుకే పొద్దున కాగితం రాసి ఇచ్చేశాను, ఇద్దరు వకీళ్ళకీ నకళ్ళతో సహా. జడ్జిగారు రెండుసార్లు చదివారు. తీర్పు ఆపారు. సోమవారం ఇంకో దుబాసీని పెట్టి మీ ఆయన్ని మళ్ళీ అడుగుతారు. ఈసారి నువ్వు లోపల కూర్చో తల్లీ. నీ చెవులతో నువ్వే విను.

ఆ తర్వాత నన్ను బోనెక్కిస్తారు. పొరపాటంటే ఉద్యోగంతో పోతుంది. తెలిసే చేశానంటే జైలేనట. యాభై ఏడేళ్ళు నాకు. 

అలా చూడకు, అదే చెబుతున్నాను. కాగితంలో పొరపాటనే రాశాను.

ఆ రోజు బోను దిగుతూ మీ ఆయన నా దగ్గర ఆగాడు. "నా కాళ్ళ సంగతి చెప్పారు కదండీ?" అన్నాడు. తప్పు చెప్పానని నాకప్పటికే తెలుసు. జడ్జిగారు ఇంకా కుర్చీలోంచి లేవను కూడా లేదు. నోరు తెరిస్తే సరిపోయేది. కానీ ఇరవై ఆరేళ్ళలో ఒక్క మాట జారలేదన్న పేరు నాది.

"చెప్పాను బాబూ, ఉన్నదున్నట్టే చెప్పాను" అన్నాను.

నాకు దండం పెట్టి వెళ్ళాడు.